బందరు కాల్వలో మీ తాత మూట

పిల్లలూ, ఈసారి సెలవుల్లో బందరు వెళ్ళి సముద్రం చూస్తామని, నేను వెళ్ళొచ్చిన దారి చెప్పమని ఫోన్లో అడిగారు. మీరుండే పుణెలో మొదలయ్యే పెద్ద రోడ్డే మన సూర్యాపేట, కోదాడ మీదుగా వెళ్ళి బందరులో ఆగుతుంది. దారి తప్పేదేం లేదు. బస్సులు, టిఫిన్లు అన్నీ చెప్తాను. కానీ అక్కడ నేను చేసిన పని దాచి దారి ఒక్కటే చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. రేపు మీరు రత్నం ఇంటికి వెళ్ళినా ఆమె ఆ సంగతి ఎత్తదు. అందుకే నేనే చెప్పాలి.

రత్నం మీకు గుర్తుండదు. మిర్యాలగూడలో మన పక్కింట్లో ఇరవై ఏళ్ళు ఉన్న టీచరమ్మ. వాళ్ళింటి క్రిస్మస్ కేకు మొదటి ముక్క మనింటికే వచ్చేది. మన బతుకమ్మకు ఆమె కూడా నాతో తంగేడు పూలకు వచ్చేది. రిటైరయ్యాక తమ ఊరు వెళ్ళిపోయింది. బందరుకు కొంచెం ఇవతల, కాల్వ గట్టు మీది ఊరు. "ఒక్కసారి రండి వదినా" అని ఫోన్ చేసినప్పుడల్లా పిలుస్తుంది. మీ తాత సంవత్సరీకం కూడా అయిపోయాక ఇక వెళ్దామనిపించింది.

వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ తాత చివరి రోజుల్లో వాడిన దుప్పటి, దిండు, రెండు పంచెలు, ఆయన ఖాకీ చొక్కా మూటగట్టి మంచం కింద పెట్టాను. ఆ చొక్కా జేబు చిరిగితే రత్నమే ఒకప్పుడు తన మిషను మీద నీలం దారంతో కుట్టింది. ఆయన అస్థికలు వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట కలిపాం. పోయినవాళ్ళ బట్టలు కూడా పారే నీళ్ళలో కలపడం మన దగ్గర ఆనవాయితీ. ఆ రోజు హడావిడిలో మూట ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత మీ బాబాయి "చెత్త బండిల ఏద్దాం తియ్యమ్మా" అంటే నాకు ఏడుపొచ్చింది.

మన ఊరి పక్కనే కాల్వ ఉంది గదా అంటారేమో. దాంట్లో వేయలేను. మీ తాత బతుకంతా సాగరు ఎడమ కాల్వ మీద లష్కరు పని. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం. ఎవరైనా ఎండిన పూలు, పాత దేవుడి పటాలు తెచ్చి నీళ్ళలో వేస్తే సైకిలు దిగి మరీ కొట్లాడేవాడు. "మీ ఇంట్ల పీడ తెచ్చి నా కాల్వల ఏస్తర్రా? కింద తాగుతరు రా గీ నీళ్ళు!" అనేవాడు. అట్లాంటి మనిషి బట్టలు ఆయన కాల్వలోనే ఎట్లా వేస్తాను? బందరు ఓడరేవు ఊరు, అక్కడి కాల్వ నేరుగా సముద్రంలోకే పోతుంది, ఎవరికీ అడ్డం రాదు అనుకున్నాను. మూటను సంచి అడుగున పెట్టుకున్నాను. వాళ్ళు క్రైస్తవులు, మన పట్టింపులు ఆమెకెందుకని రత్నానికి చెప్పలేదు.

పొద్దున ఆరింటికి మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కాను. మన దగ్గర ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. హుజూర్‌నగర్ దాకా రెండు వైపులా వరి పొలాలు, మధ్యమధ్య రైసు మిల్లుల పొగ గొట్టాలు. మిల్లులు దాటగానే పచ్చి ఊక వాసన బస్సులోకి వస్తుంది. పక్క సీటు ఆమె నా సంచి చూసి ఊరుకోలేదు.

"గంత పెద్ద సంచేందవ్వా? బిడ్డ కాన్పుకు పోతున్నవా?"

"కాదమ్మా, బందరు పోతున్న. సముద్రం సూడనీకి."

"గీ వయసుల సముద్రమా! మా అత్తున్నది, మోకాళ్ళ నొప్పులని వాకిలి దాటది. నీ మోకాళ్ళకు ఏం పెడుతున్నవో జర మాకు గూడ సెప్పరాదు."

ముందు సీట్ల వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. సంచి మాత్రం ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

ఎనిమిది దాటాక కోదాడ. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను, అల్లం చట్నీ బాగుంది. కోదాడలో మాట అప్పుడే రంగు మారుతుంటుంది. ఒకాయన "సాంబార్ ఉన్నది" అంటే పక్కాయన "ఉందండి" అంటాడు. అక్కడ ఆంధ్రా బస్సెక్కి అలవాటు కొద్దీ ఆధార్ కార్డు చాపాను. కండక్టరు నవ్వి, "తెలంగాణ కార్డు మా బస్సులో చెల్లదు మామ్మగారూ, డబ్బులు తియ్యండి" అన్నాడు.

"గీ సరిహద్దు దాటితే నేను ఆడదాన్ని గానా బాబూ?"

"ఆడవారేనండి. కాపోతే పరాయి ఆడపడుచు."

మీరు వెళ్ళేటప్పుడు అక్కడి నుంచి టికెట్‌కు చిల్లర దగ్గర పెట్టుకోండి.

పన్నెండింటికి బెజవాడ. బస్టాండులోనే సాంబారన్నం తిని, ఒంటిగంట దాటాక బందరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా కాల్వ కనిపిస్తూ ఉంటుంది. మన ఎడమ కాల్వ లాగా లోతుగా, కోపంగా ఉండదు. నిదానంగా, కొంచెం బురద రంగులో, ఇళ్ళ పెరళ్ళను ఆనుకుని పోతుంది. కాల్వలోకి మెట్లు, మెట్ల మీద బిందెలు. కొన్ని చోట్ల గుర్రపుడెక్క, కొన్ని చోట్ల ప్లాస్టిక్ కవర్లు. నా పక్కన పెడన వెళ్ళే అమ్మాయి కూర్చుంది. కలంకారీ బట్టల పని చేస్తుందట.

"మా బట్టలు కాలవలోనే జాడించాలండీ. పారే తీపి నీళ్ళలో అయితేనే రంగు తేలుద్ది. ఇటేపు బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. వాటిల్లో ముంచితే గుడ్డ చచ్చిపోద్ది" అంది.

తీపి నీళ్ళు ఆ కాల్వ ఒక్కటేనని ఆ అమ్మాయి చెప్తూనే ఉంది. నేను తలూపుతూనే ఉన్నాను. మూట గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నాలుగింటికి రత్నం చెప్పిన స్టాపులో దిగి ఆటో ఎక్కాను. ఊళ్ళోకి వెళ్ళాలంటే కాల్వ మీది వంతెన దాటాలి. పోయినవాళ్ళ బట్టలతో ఇంకొకరి గడప తొక్కకూడదు, వేస్తే ఇక్కడే వేయాలి. వంతెన మీద ఆటో ఆపించాను.

"ఇదేనా బాబూ బందరు కాల్వ? సముద్రంల కలుస్తదా?"

"బందరొచ్చిందంటే సముద్రమేగా మామ్మగారూ" అన్నాడు ఆటో అబ్బాయి.

మూట మీద పసుపు, కుంకుమ చల్లి, దండం పెట్టుకుని నీళ్ళలోకి వదిలాను. దిండు ఉండడం వల్ల మునగలేదు. తేలుతూ, మెల్లగా తిరుగుతూ బందరు వైపు పోయింది. ఆటో అబ్బాయి పాట ఆపేసి అటు తిరిగి నిలబడ్డాడు. "పోయిరా" అన్నాను. చాలా రోజుల తర్వాత గుండె తేలికైంది.

రత్నం గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇంట్లో ఆమె, ఆమె అన్న దేవసహాయం, ఆమె కోడలు సునీత. కొడుకు పనికి పోయి రాత్రికి వస్తాడట. సునీత చాలా చిక్కిపోయి ఉంది. కళ్ళలో ఇంకా పసుపు ఛాయ పోలేదు.

అన్నంలోకి రొయ్యల వేపుడు, గోంగూర. రత్నం నా ముందు స్టీలు గ్లాసు పెట్టి, "ఇవే తాగండి వదినా, కాచి చల్లార్చాను. కాలవ నీళ్ళే. మాకు ఇంకో దిక్కు లేదు. మొన్న సునీతకి కామెర్లొచ్చాయి, నీళ్ళ వల్లేనన్నారు డాక్టరు. నెల రోజులు పత్యం" అంది.

"గా... మీ వంతెన కింద కాల్వేనా రత్నం?"

"అదే వదినా. దాంట్లోంచే చెరువుకి తోడి, అక్కణ్ణించి బందరు మొత్తానికి ఇస్తారు."

దేవసహాయం అన్న నవ్వుతూ, "మీ వైపు కడుక్కున్న నీళ్ళు మేం తాగుతున్నాం చెల్లెమ్మా. మూసీ కూడా మీ దగ్గరే కలుస్తుందంటగా?" అన్నాడు.

"అవునన్నా" అన్నాను. గ్లాసు ఎత్తాను గానీ మళ్ళీ కింద పెట్టేశాను. ఆ మూట ఒక్కటే కాదు, వాడపల్లిలో మేం కలిపినవన్నీ ఇదే దారిన ఈ గ్లాసు దాకా వస్తాయని నాకెప్పుడూ తట్టలేదు. అప్పుడే చెప్పేయాల్సింది. సునీత నాకు గోంగూర వడ్డిస్తోంది. ఆ పిల్ల చేతి ఎముకలు చూస్తూ నోరు తెరవలేకపోయాను. ఆ రాత్రి నిద్ర లేదు.

తెల్లారి టిఫిన్ చేసి ముగ్గురం ఆటోలో బందరు బయల్దేరాం. కాల్వ కథ అంతా చూపిస్తానని దేవసహాయం అన్న తయారై కూర్చున్నాడు. ఆయన నాన్న ఈ కాల్వ మీద పడవ నడిపాడట. గట్టు మీద పోతుంటే ఆయన చెప్పిన సంగతులు మీకు పనికొస్తాయి, వినండి. బెజవాడ ఆనకట్ట కట్టాక తవ్విన కాల్వ ఇది. పొలాలకు నీళ్ళు, పడవలకు దారి, రెండూ ఇదే. బస్సులు, లారీలు రాకముందు బియ్యం, బెల్లం దీని మీదే బందరు రేవుకు దిగేవి. ఉప్పు, ఎండుచేపలు పైకి వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకుని లాగేవాళ్ళు. బెజవాడ వెళ్ళే జనం రాత్రి పడవెక్కి, దాంట్లోనే వండుకు తిని, పడుకునేవాళ్ళట.

"మా నాన్న భుజం మీద తాడు కాయ ఇంత ఉండేది చెల్లెమ్మా, గోలీకాయంత. నేను చిన్నప్పుడు దాంతో ఆడుకునేవాణ్ణి. 'ఒరే, అది నా కూలి డబ్బుల సంచిరా' అనేవాడు."

మంచినీళ్ళ చెరువుకు కాల్వలోంచి నీళ్ళు మళ్ళించే తూము దగ్గర ఆటో ఆపించాడు. తూముకు అడ్డంగా ఇనుప కమ్మీలు. వాటికి ఆనుకుని సీసాలు, కవర్లు, దండలు, ఒక కొబ్బరి మట్ట. మధ్యలో మీ తాత దిండు.

మూట విప్పుకుపోయింది. దుప్పటి కమ్మీలకు చుట్టుకుని ఉంది. ఖాకీ చొక్కా చెయ్యి ఒకటి నీళ్ళ మీద అటూ ఇటూ ఊగుతోంది.

"చూశావా, ఎవడో మహానుభావుడు సాగనంపాడు" అన్నాడు దేవసహాయం అన్న. "పైవాళ్ళకి కాలవంటే కాశీ. మాకేమో కడవ."

రత్నం ఆ చొక్కా వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "ఎండెక్కుతోంది, పదండి వదినా" అంది. నేను వెళ్ళి ఆటోలో కూర్చున్నాను.

బందరులో కోట గోడలు చూశాం. ఒకప్పుడు తెల్లవాళ్ళు బట్టల వ్యాపారానికి దిగిన రేవు అని చెప్పారు. చేపల పడవలు వరుసగా కట్టి ఉన్నాయి, వలలు ఎండబెట్టి ఉన్నాయి. దూరంగా కొత్త ఓడరేవు పని జరుగుతోంది. లడ్డు కొనిపెట్టింది రత్నం. మీరు వెళ్తే తప్పకుండా తినండి, నెయ్యి చేతికి అంటుతుంది. నాకు మాత్రం ఏదీ రుచి తెలియలేదు. రత్నం మామూలుగానే మాట్లాడుతోంది, కానీ ప్రతి మాట తర్వాత కాసేపు ఆగుతోంది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే నేను కోట గురించి ఒకటి, చేపల గురించి ఒకటి అడుగుతూ పోయాను.

చివరికి కాల్వలోని తీపి నీళ్ళకు, ఉప్పుటేరుకు మధ్య తలుపులున్న చోటికి తీసుకెళ్ళాడు అన్న. ఒక పక్క పచ్చగా కాల్వ, ఇంకో పక్క నల్లటి బురద, ఉప్పు వాసన.

"పోటొస్తే సముద్రమే ఇటు ఎక్కేస్తుంది చెల్లెమ్మా. తీపి నీళ్ళు పాడైపోతాయని ఈ తలుపులు."

"మరి కాల్వ సముద్రంల కలవదా అన్నా?"

"వరదలొస్తే కలుస్తుందేమో గానీ మామూలప్పుడు ఏం మిగులుద్ది? సగం చేలల్లోకి, సగం మా గొంతుల్లోకి. సముద్రం దాకా వచ్చేదేం ఉండదు."

ఇక నా వల్ల కాలేదు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

"రత్నం, గా తూము కాడి బట్టలు మీ అన్నయ్యవే. నిన్న వంతెన మీద నేనే ఏసిన. సముద్రంల కలుస్తయనుకున్న."

దేవసహాయం అన్న గబుక్కున అటు తిరిగి సముద్రం వైపు చూడసాగాడు. పొద్దుటి తన మాట గుర్తొచ్చిందేమో. రత్నం నా పక్కన కూర్చుంది.

"నీలం దారం కనబడింది వదినా" అంది. "అన్నయ్యగారి చొక్కా అని అప్పుడే తెలిసింది. మీరు చెప్తారేమోనని పొద్దుటి నుంచి చూస్తున్నాను."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు? నేను చర్చికి పోతాననేగా? ఇరవై ఏళ్ళు మీ పక్కింట్లో ఉన్నాను. ఆయన పోయినప్పుడు మీతో పాటు వాడపల్లి వచ్చి గట్టు మీద నిలబడ్డాను. అన్నయ్యగారి మూట నా గడప దాటితే నాకేమైపోద్దనుకున్నారు?"

"తప్పయింది రత్నం."

ఏం పర్లేదు అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

తిరిగి వస్తూ తూము దగ్గర ఆగాం. పక్క ఇంట్లోంచి కొక్కెం కట్టిన వెదురు గెడ తెచ్చాడు అన్న. చెత్త చేరినప్పుడల్లా దానితోనే లాగుతారట. గెడ నేనే తీసుకున్నాను. "మీ వల్ల కాదు చెల్లెమ్మా" అంటున్నా ఇవ్వలేదు. దుప్పటి తడిసి శవమంత బరువైంది. రత్నం నా నడుము పట్టుకుని వెనక్కి లాగితేనే గట్టెక్కింది. దారిన పోయే ఒకామె ఆగి, "ఏ ఊరోళ్ళో తల్లీ, సిగ్గూ శరం లేదు" అని తిట్టింది. "అవునమ్మా" అన్నాను. చెత్త తీస్తున్నదాన్ననుకుని ఆమె నాకు దండం పెట్టి పోయింది. పిల్లలూ, ఆ దండం కంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

బట్టలు ఇంటి బోరు దగ్గర ఉతికాను. ఉప్పు నీళ్ళకు సబ్బు నురగ రాదు, ఎంత రుద్దినా బురద చార వదల్లేదు. వేడినీళ్ళు కాచి ఇస్తానని సునీత వచ్చింది. మంచినీళ్ళు దీనికి వాడొద్దు బిడ్డా అన్నాను. ఆ పిల్లకు కూడా సంగతి చెప్పేశాను. నేను ఉతుకుతున్న బట్టల వైపు చూసింది. తర్వాత "మా మావయ్యగారు పోయినప్పుడు మేం పరుపు తగలబెట్టామండీ" అని మాత్రం అని, పంచె రెండో కొస పట్టుకుని నాతో పాటు పిండింది. సాయంత్రం పెరట్లో గొయ్యి తవ్వించి రత్నం దిండు, దుప్పటి పూడ్పించింది. ఆమె కళ్ళు మూసుకుని తన ప్రార్థన చేసుకుంది, నేను నా దండం పెట్టుకున్నాను. చొక్కా, పంచెలు నాకే ఇచ్చి, "ఇవి ఉంచుకోండి వదినా, ఎవరికైనా కట్టుకోవడానికి పనికొస్తాయి" అంది.

మర్నాడు పొద్దున బస్సెక్కాను. రత్నం దారికి పులిహోర కట్టి, కాచిన నీళ్ళు సీసాలో పోసి ఇచ్చింది. బెజవాడలో బస్సు మారాక రెండు రాత్రుల నిద్ర ఒక్కసారి ముంచుకొచ్చింది. కోదాడలో దిగాల్సినదాన్ని సూర్యాపేటలో లేచాను. కండక్టరు మిగతా టికెట్ కొట్టి, "మంచి నిద్ర పోయారు మామ్మగారూ" అన్నాడు. సూర్యాపేటలో చాయ్ తాగి, మూడింటికి మిర్యాలగూడ బస్సెక్కాను. మీరు మాత్రం కోదాడలోనే దిగండి, అది దగ్గర దారి.

బస్సు కిక్కిరిసి ఉంది. నాకు కిటికీ సీటు దొరికింది. నా పక్కన ఒకామె నిలబడింది, చేతిలో నల్ల కవరు. మూసీ దాటాం. మిర్యాలగూడ ఇంకా కొంత దూరం ఉందనగా ఆమె వంగి కవరు నా ఒళ్ళో పెట్టింది.

"అవ్వా, కిటికీ కాడున్నవ్ గదా. ఎడమ కాల్వ అస్తది, జర గిది ఏసెయ్యవా. పూజ పూలు, పగిలిన దేవుని పటం. తొక్కుడు పడొద్దు."

చేతిలో తీసుకున్నాను. మీ తాత మాటలు నోటి దాకా వచ్చాయి. ఆ మాటలు అనే అర్హత నాకు లేదు. దూరంగా కాల్వ గట్టు కనబడుతోంది.

"ఎయ్య బిడ్డా" అన్నాను.

"ఎందుకెయ్యవ్? నీ అబ్బ సొమ్మా కాల్వ?"

పది మంది ఇటు తిరిగారు. జన్మలో ఎప్పుడూ నలుగురిలో గొంతు ఎత్తి మాట్లాడలేదు నేను.

"మొన్న బందరు కాల్వల మా ఆయన బట్టలు ఏసిన. చచ్చిపోయిన మనిషి పండుకున్న దుప్పటి, దిండు. సముద్రంల కలుస్తయనుకున్న. అవి జనం తాగే నీళ్ళు. నేను పోయిన ఇంట్ల పిల్లకు కామెర్లయినయ్. మల్ల నేనే గెడ పెట్టి గుంజిన."

ఆమె మొహం అసహ్యంగా ముడుచుకుంది.

"తాగే నీళ్ళల్లనా? థూ! మనిషివేనా అవ్వా నువ్వు?"

నా ఒళ్ళోంచి కవరు లాక్కుంది. నాకు తగలకుండా ఇంత దూరం జరిగి, కవరును ఛాతీకి ఆనించుకుని నిలబడింది. అంతలో కాల్వ బ్రిడ్జి వచ్చింది. కిందికి చూశాను. సాగరు గేట్లెత్తినట్టున్నారు, నీళ్ళు గట్టు అంచుల దాకా ఉన్నాయి. బ్రిడ్జి దాటిపోయింది. ఆమె నా వైపు చూడనే లేదు. కవరు ఆమె చేతిలోనే ఉంది.